ఎర్రగడ్డకు ఇద్దరం

ఎర్రగడ్డకు పోతున్నామంటే తుర్కయాంజాల్‌లో ఎవరైనా ముందు నవ్వుతారు. హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది మానసిక వైద్యశాల. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలె" అనేస్తారు. మంచి అలవాటు కాదు గానీ ఇంకా పోలేదు. డిసెంబరు నెల, ఆదివారం, తెల్లారి ఇంకా చలి విరగలేదు. ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే ఎదురింటి వదిన అడిగింది, "పొద్దుపొద్దున ఎటు?" అని. మా ఆయన ఉన్నమాట చెప్పాడు. "ఇద్దరికీ ఒక్కసారే అయిందా?" అని ఆమె పకపకా నవ్వింది. "బట్టలు కొననీకి" అన్నాడాయన. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. పాత బట్టలని ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో కుప్పలు పోసి అమ్మేవేమిటో నగరంలో అందరికీ తెలుసు.

తుర్కయాంజాల్ నుంచి ఎర్రగడ్డ అంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోవడమే. మాది సాగర్ రోడ్డు మీది ఊరు, పట్నానికీ ఇబ్రహీంపట్నానికీ నడుమ. 2018లో మున్సిపాలిటీ అయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. మాసబ్ చెరువు మాత్రం వానలు బాగా పడ్డ ఏడు, నేనింకా ఇక్కడే ఉన్నానని గుర్తు చేస్తుంది. ఆదివారం పొద్దున బస్సులో సీటు దొరుకుతుంది. ఇంజాపూర్, బి.ఎన్.రెడ్డి నగర్ దాటి సాగర్ రింగ్ రోడ్డు దాకా కిటికీ పక్కన కూర్చుని టీకొట్ల పొగలు చూసుకుంటూ పోవచ్చు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే చాలు, ఎక్కడా మారే పని లేదు. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో తెరిచింది 2018 సెప్టెంబరులో. అంతకు ముందు ఈ ప్రయాణమంటే కోఠిలోనో ఇంకోచోటనో దిగి మళ్లీ బస్సు కోసం నిలబడాల్సిందే. మొదటి స్టేషను గనక రైలు ఖాళీగా ఉంటుంది. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

ఈ మెట్రో దారిలో ఒక తమాషా ఉంది. పాత బట్టల అంగడికి చేరేలోపు నగరంలోని కొత్త బట్టల దుకాణాలు వరసగా ఎదురవుతాయి. దిల్‌సుఖ్‌నగర్, పంజాగుట్ట, అమీర్‌పేట. ఒక్కో స్టేషను దగ్గర ఒక్కో షాపింగ్ మాల్, గోడ నిండా పట్టుచీర కట్టుకున్న సినిమా తార. ఆషాఢం వస్తే ఈ గోడలన్నీ డిస్కౌంట్ అంకెలతో నిండిపోతాయి. పెళ్లిళ్లు లేని నెలలో సరుకు కదలాలి గదా. ఆషాఢం సేల్ పేరుతో మేమూ ఈ మాల్స్‌లో మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు పోగొట్టుకున్నవాళ్లమే. అక్కడ మా ఆయన పాత్ర ఒక్కటే. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, నేను ఏ చీర భుజాన వేసుకున్నా "బాగుంది" అనడం. ఆ మాటకు అర్థం చీర బాగుందని కాదు, బిల్లు కౌంటర్‌కు పోదామని. ఇన్నేళ్ల కాపురంలో ఆ "బాగుంది"లో ఎన్ని రకాలున్నాయో నాకు కంఠతా వచ్చు.

పాత బట్టలతో మనకు పరిచయం లేదని ఎవరూ అనలేరు. మా కాలనీకి స్టీలు సామాన్ల ఆమె వస్తుంది. నెత్తిన గంప, గంపలో గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు, చంకలో పెద్ద మూట. "పాత బట్టలకు స్టీలు సామాన్లే" అని కేక వేస్తే నాలుగు గేట్లు తెరుచుకుంటాయి. ఆమె బేరం చూడాలి. ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి పడుతుంది. పాదాల దగ్గర ఫాల్ కుట్టిన చోటు చూస్తుంది, ఎందుకంటే చీర ముందు చిరిగేది అక్కడే. చొక్కా అయితే కాలరు, చంకలు. జీన్సుకు విలువ ఎక్కువ, నైటీకి దాదాపు సున్నా. చిన్న డబ్బా కోసం నేను మూడు చీరలు పెడితే ఆమె ఇంకో ప్యాంటు అడుగుతుంది. నేను లోపలికి పోయి మా ఆయనకు తెలియకుండా ఒకటి తెస్తాను. ఈ వ్యాపారాన్ని ఢిల్లీలో దగ్గరుండి చూసి లూసీ నారిస్ అనే పరిశోధకురాలు 2010లో పుస్తకమే రాసింది. అక్కడ ఇది గుజరాత్ నుంచి వచ్చిన వాఘ్రీల పని. ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి గిన్నెలిచ్చి బట్టలు తెస్తారు. రఘుబీర్ నగర్‌లో తెల్లారకముందే అంగడి పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముకుంటారు. మనం గిన్నె కడిగి అల్మరాలో పెట్టుకున్నాక చీర సంగతి మరిచిపోతాం. చీర మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది.

పట్టుచీరలది ఇంకో దారి. పాత పట్టుచీరలు కొంటామని తెలుగు ఊళ్లలో గోడల మీద రాసి ఉంటుంది, వీధుల్లో మైకులో వినిపిస్తుంది. వాళ్లకు చీరతో పని లేదు, జరీతో పని. వెనకటి అసలు జరీ అంటే పట్టు పోగు మీద సన్నటి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. కొనేవాడు కొంగు నుంచి ఒక పోగు లాగి గీటురాయి మీద రుద్దుతాడు, లేదా అగ్గిపుల్ల వెలిగిస్తాడు. ప్లాస్టిక్ జరీ అయితే ముడుచుకుని ఉండలా అవుతుంది. వెండి అయితే తీగ మిగులుతుంది. మా అత్తమ్మ పెళ్లిచీర అలాగే పోయింది. ఆ డబ్బుతో ఆమె కొన్నది మిక్సీ. ఆ మిక్సీ ఇప్పుడు లేదు. ఆ చీర రంగు మాత్రం అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది, ముదురు వంకాయ రంగట.

ఇక ఇంట్లో వాడుకునేవి. అన్న నిక్కరు తమ్ముడికి, అక్క లంగా చెల్లెలికి. అమ్మ నూలుచీరలు మెత్తబడ్డాక పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టించేవాళ్లు. బిడ్డ పుడితే పొత్తిగుడ్డలకు ఇంట్లో అందరికంటే ముసలావిడ చీరే కావాలి. కొత్తబట్ట పసిబిడ్డ ఒంటికి గరుకు. అంటే పాతబట్ట మీద మనకు ఏవగింపేమీ లేదు. డబ్బిచ్చి కొనడం దగ్గరే వస్తుంది చిక్కు. ఎవరివో తెలియదన్న మాట అక్కడే బయటికొస్తుంది. మేం బయల్దేరేటప్పుడు అత్తమ్మ అన్నదీ అదే. "పోయినోళ్లవైతే?" చనిపోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోని మనుషులం మనం. ఆ బట్టలు ఎటు పోయాయో మాత్రం ఎవరం అడగం.

మా ఆయన ఆలోచన వేరు. దాని వెనక ఒక కథ ఉంది. చిన్నప్పుడు ఆయనకు కొత్త చొక్కా దసరాకు ఒకటి. మిగతావన్నీ పెదనాన్న కొడుకు వేసుకుని వదిలేసినవే. ఒక పెళ్లిలో పదిమంది ముందు ఆ అన్న ఈయన కాలరు పట్టుకుని, "ఇది నా చొక్కా కదరా, మంచిగ చూసుకుంటున్నవా?" అన్నాడట. ప్రేమగానే అన్నాడు. మా ఆయన పందిట్లో అన్నం తినకుండా లేచి వచ్చేశాడు. ఇప్పటికీ ఆ అన్న ఇంటికొస్తే ఈయన కొత్తచొక్కా తొడుక్కుని కూర్చుంటాడు. అరువు సొమ్ము బరువు చేటు అన్నది ఊరికే అన్నమాట కాదు. చుట్టాలిచ్చిన బట్టకు ఇచ్చినవాళ్ల పేరు అంటుకుని ఉంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. కుప్పలోంచి ఏరుకున్న బట్టకు ఆ పేరుండదు. యాభై రూపాయలు పారేస్తే అప్పు తీరిపోయినట్టే, ఎవరికీ తలవంచాల్సిన పని లేదు. "ఎవరివో తెల్వదు, అదే నాకు కావాల్సింది" అంటాడాయన. నాకు ఇది మొదట్లో వితండవాదంలా అనిపించింది. ఇప్పుడు, ఆ అన్న మా ఇంటికొచ్చినప్పుడల్లా ఈయన మొహం చూస్తున్నదాన్ని గనక, కాదనలేను.

మా ఆడబిడ్డది అమెరికాలో ఇంకో అనుభవం. ఎమ్మెస్‌కు పోయిన మొదటి చలికాలం, చేతిలో డబ్బు లేదు, బయట మంచు. తోటి తెలుగు పిల్లలు గుడ్‌విల్ అనే పాత బట్టల దుకాణానికి తీసుకుపోయారు. అక్కడ అదొక పెద్ద వ్యవస్థ. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత బట్టలు, సామాన్లు అడిగి తెచ్చి, పనిలేని పేదలచేత బాగు చేయించి, అమ్మిన డబ్బుతో వాళ్లకే కూలి ఇచ్చేవాడు. మా ఆడబిడ్డ అక్కడ కొన్న కోటుతో ఫొటో దిగి ఇంటికి పంపింది. అత్తమ్మ ఆ ఫొటోను కాలనీ అంతా చూపించింది, ఎక్కడిదో తెలియక. తెలిసేటప్పటికి బిడ్డకు ఉద్యోగం వచ్చింది. ఇక ఎవరు ఏమంటారు?

ఖైరతాబాద్ దాటాక రైలు నిండింది. ఎర్రగడ్డలో దిగినవాళ్లలో సగం మందికి చేతిలో ఖాళీ సంచులు. మెట్లు దిగుతుండగానే కేకలు వినిపించాయి.

మెట్రో స్తంభాల కింద, ఫుట్‌పాత్ మీద, మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద, ఎక్కడ చూసినా పరదాలు పరిచి సరుకు. ఒకచోట విప్పేసిన మిక్సీ మోటార్లు. ఒకచోట జత కలవని బూట్లు, వాటి మధ్య కూర్చుని జతలు కలుపుతున్న పిల్లాడు. పాత సెల్‌ఫోన్ల ఛార్జర్లు చిక్కుపడి ఒకే ముద్దగా ఉన్నాయి. పానాలు, స్క్రూడ్రైవర్లు, క్రికెట్ ప్యాడ్లు, గోడగడియారాలు. నడుస్తున్నవాళ్లంతా జేబులోని ఫోను మీద ఒక చెయ్యేసుకునే ఉంటారు. బట్టలకు కుప్పలే. "ఏదైనా యాభై, ఏదైనా యాభై" అని ఒకడు, "పచాస్, పచాస్, లేలో భాయ్" అని ఇంకొకడు. అమ్మేవాడు కుప్ప మీద నిలబడి ఒక్కో చొక్కానూ గాల్లోకి ఎగరేస్తుంటాడు. కింద వంగినవాళ్లు చెయ్యి పెట్టి లాగుతుంటారు. కూలిపనులకు వచ్చిన బీహారు, ఒడిశా కుర్రాళ్లు, ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్న నాలాంటి ఆడవాళ్లు. పాతబట్టల వాసన అనుకుంటాం గానీ ఆ వాసన చాలావరకు ఎక్కువ రోజులు మూటకట్టి ఉన్న గుడ్డది, ఇంకొంత నాఫ్తలీను ఉండలది. పావుగంటలో అలవాటైపోయింది. దస్తీ తీసి సంచిలో పెట్టుకున్నాను.

ఇక్కడ ట్రయల్ రూమ్ లేదు. మగవాళ్లు ఉన్న చొక్కా మీదే ఇంకో చొక్కా తొడిగి చూసుకుంటారు. ప్యాంటుకు వేరే పద్ధతి. గుండీ పెట్టి, నడుము పట్టీని రెండు కొసలూ పట్టి చాపి, మెడ చుట్టూ తిప్పుతారు. రెండు కొసలూ వెనక సరిగ్గా కలిస్తే నడుముకు సరిపోతుంది. మెడ చుట్టుకొలత నడుములో సగమని వీధి లెక్క. నడివీధిలో పదిమంది మగవాళ్లు మెడలకు ప్యాంట్లు చుట్టుకుని నిలబడి ఉంటే, ఎదురింటి వదిన చూసి ఏమనేదో అనుకున్నాను. మా ఆయన కూడా చుట్టుకున్నాడు. కొసలు కలవలేదు. "మెడ లావైందేమో" అన్నాడు. నేనేమీ అనలేదు.

అద్దం కూడా లేదు. ఎలా ఉందో చెప్పాల్సింది పక్కనున్న మనిషే. ఇక్కడ నాకొక వింత ఎదురైంది. నేనొక ఆకుపచ్చ కుర్తా ఒంటికి ఆనించుకుని చూపిస్తే మా ఆయన ఆలోచించకుండా "అస్సలు బాలేదు, ముసలిదానిలా ఉన్నవ్" అన్నాడు. ఇంకోటి చూపిస్తే, "రంగు ఓకే, భుజం జారుతది." మాల్‌లో ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా రాని మాటలివి. యాభై రూపాయల దగ్గర ఆయనకు భయం లేదు. ఆలస్యమవుతుందన్న తొందరా లేదు, ఎందుకంటే తనకూ కుప్పలున్నాయి. నేనూ మొదలుపెట్టాను. ఆయన ఎంచుకున్న గళ్ల చొక్కా చూసి, "కల్లు కాంపౌండ్ ముందర నిలబెట్టినట్టుంది" అన్నాను. చొక్కా కుప్పలోకి తిరిగి పోయింది. మొగుడూ పెళ్లాలు ఒకరి ఒంటిని ఒకరు ఇంత శ్రద్ధగా, ఇంత నిర్దాక్షిణ్యంగా చూసుకోవడానికి ఇంకెక్కడ కుదురుతుంది?

ఆయనకు కావాల్సింది జర్కిన్. చలికాలం పొద్దున చెరువు వైపు నడకకు పోతాడు. జర్కిన్ల కుప్ప దగ్గర అమ్మే కుర్రాడు తెలివైనవాడు. ముందు జిప్పు లాగి చూపించాడు, పైకి, కిందికి, మళ్లీ పైకి. జర్కిన్‌లో ముందు పోయేది జిప్పే. మా ఆయన జేబులన్నీ తడుముతుంటే, "ఏం దొరకదు అన్నా, మేమే చూసినం ముందుగాల" అన్నాడు. లోపలి చీటీ మీద ఏదో విదేశీ భాష. ఎక్కడినుంచి వస్తాయని అడిగితే, "ఢిల్లీ దిక్కుకెల్లి బేల్ లెక్క వస్తది" అన్నాడు, అంతకుమించి అతనికీ పట్టలేదు.

ఆ బేళ్ల కథ పెద్దది. వాడిన బట్టలను మన దేశంలోకి ఊరికే దిగుమతి చేసుకోనివ్వరు, లైసెన్సు కావాలి. మన మిల్లులకు, దర్జీలకు దెబ్బ తగులుతుందని. అయినా గుజరాత్‌లోని కాండ్లా రేవుకు ఓడల మీద వస్తూనే ఉంటాయి. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో ఆడవాళ్లు రకాలుగా ఏరి, బాగున్నవాటిని మళ్లీ వేరే దేశాలకు పంపిస్తారు. ఇంకో రకం సరుకును ఎవరూ తొడుక్కోలేనట్టు కోసేసి చింపిరి గుడ్డగా తెస్తారు. అది హర్యానాలోని పానిపట్‌కు పోతుంది. అక్కడ గుండీలు, జిప్పులు, చీటీలు పీకేసి, రంగుల వారీగా గుట్టలు పోస్తారు. ఎర్రవన్నీ ఒకచోట, నల్లవన్నీ ఒకచోట. మరలో చీల్చి పీచు చేసి మళ్లీ నూలు వడుకుతారు. గుట్ట రంగే నూలుకు వస్తుంది గనక కొత్తగా అద్దకం పని చాలావరకు ఉండదు. వరదలొచ్చినప్పుడు, తుపానులొచ్చినప్పుడు పంచిపెట్టే చవక రగ్గుల్లో ఎన్నో ఈ నూలువే. ఎక్కడో చలిదేశంలో ఎవరో విడిచిన ఉన్నికోటు ఇక్కడ వరద బాధితుడి ఒంటి మీదికి చేరడానికి ఇన్ని చేతులు మారాలి.

జర్కిన్ రెండు వందలకు తెగింది. చేతులు పొడుగు, భుజం సరిపోయింది. రంగు నేనే ఎంపిక చేశాను.

నా సంగతి చీరల కుప్ప దగ్గర. అమ్మేది ఒక పెద్దావిడ, పక్కన మనవడు. చీరల్లో ఎక్కువ సింథటిక్కే. వేలితో తడుముతూ పోతుంటే ఒకచోట చెయ్యి ఆగింది. నూలు. లాగితే ముదురు నీలం మీద తెల్లటి, ఎర్రటి గళ్లలో చిలకలు. పోచంపల్లి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తుర్కయాంజాల్ నుంచి పోచంపల్లి ఎంతో దూరం కాదు. పెళ్లిళ్లకు పోయి కొనుక్కొచ్చేవాళ్లం. పైగా ఆ డిజైన్లను ప్రింటు కొట్టిన చవక చీరలు ఇప్పుడు ప్రతి ఫుట్‌పాత్ మీదా దొరుకుతాయి. అసలుదా, ప్రింటుదా తేల్చడం కష్టం కాదు. తిప్పి చూడాలి. ప్రింటు చీర వెనక వైపు వెలవెలబోయి ఉంటుంది. అసలుదైతే రెండువైపులా ఒకటే. ఎందుకంటే అక్కడ బట్ట నేశాక బొమ్మ వేయరు. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. బొమ్మ నూలులోనే ఉంటుంది. ఇంకో గుర్తు, చిలక ముక్కు చివర గీత తేటగా ఉండదు. పోగులు కాస్త అటూ ఇటూ జరిగి రంపపు పళ్లలా కనబడుతుంది. ఆ వంకరే దాని సాక్ష్యం.

ఆ రకం చీరకు ఎంత చాకిరీ ఉందో తెలంగాణలో చాలామందికి ఒక మనిషి వల్ల తెలిసింది. ఆలేరు దగ్గర షారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. నూలుకు కట్లు కట్టే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, తొమ్మిది వేలని లెక్క. ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లు. తల్లి లక్ష్మికి భుజం పడిపోతుండటం చూడలేక, పెద్దగా చదువుకోని మల్లేశం ఏళ్లపాటు తంటాలు పడి ఆసు యంత్రం తయారు చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. నా చేతిలో ఉన్న చీర యంత్రం ఆసుదో, ఎవరి భుజం పోసిన ఆసుదో నాకు తెలియదు. కుచ్చిళ్ల దగ్గర జానెడు చిరుగు. కొంగు మీద పసుపు మరక, ఏ పేరంటంలోనో అయి ఉండాలి. మిగతాదంతా గట్టిగా ఉంది.

మా ఆయన చెవిలో అన్నాడు, "గట్టిగ మాట్లాడకు, ఆమెకు తెల్వదు." నేను మొహం మామూలుగా పెట్టి, ఏదో గుడ్డముక్క అడుగుతున్నట్టు, "ఇదెంతమ్మా?" అన్నాను.

"మూడొందలు."

"అన్నీ యాభై అంటివి?"

"గవి యాభై బిడ్డా. గిది పోచంపల్లిది. రెండు దిక్కుల చూడు ఎట్లున్నదో." చీర నా చేతిలోంచి తీసుకుని తనే తిప్పి చూపించింది. "చినిగిందని చెప్పే ఇస్తున్న. నాకు తెల్వదనుకున్నవా?"

మా ఆయన ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఆమె కావాలనే దాన్ని కుప్పలో అడుగున పెట్టిందట. గుడ్డ తెలిసినవాళ్ల చెయ్యే అక్కడిదాకా వస్తుందని. నేను రెండొందలన్నాను, ఆమె రెండొందల డెబ్బై అంది. మా ఆయన "ఇచ్చెయ్, ఎందుకు" అని మధ్యలో దూరాడు. బేరం మధ్యలో మొగుడు దూరితే ఇంక దిగేదేముంటుంది? రెండొందల యాభై. ఆమె నోట్లు మడిచి రవికలో పెట్టుకుని, "చినిగిన కాడికి కోసెయ్, బిడ్డకు లంగా అయితది" అని సలహా కూడా ఇచ్చింది. గురువారాలు పురానాపూల్ దిక్కు జుమ్మేరాత్ బజార్‌లో కూర్చుంటుందట. అది నిజాం కాలం నుంచీ ఉన్న గురువారం అంగడి. "ఆడ ఇంతకన్న పాతయి దొర్కుతయి" అంది. ఆ మాట చెవిన పడగానే మా ఆయన మొహం వెలిగింది.

తిరుగు రైలులో సంచి ఒళ్లో పెట్టుకుని లెక్కలు వేశాం. మా అమ్మాయి ఫోన్లో చూపించేది, ఇలాంటి కుప్పల్లోంచే ఏరిన జీన్సును ఉతికి, మంచి ఫొటో తీసి, థ్రిఫ్ట్ అని పెట్టి ఎన్నో రెట్లు ఎక్కువకు అమ్ముతారని. ఆ ఏరడానికీ, ఉతకడానికీ డబ్బు తీసుకోవడంలో తప్పు లేదనిపించింది, ఈరోజు నా నడుము సంగతి చూశాక. మా ఆయన దగ్గర ఇంకో లెక్క ఉంది. ఒక నూలు టీషర్టు తయారయ్యేదాకా పత్తిచేను నుంచి అద్దకం వరకు సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రపంచ వన్యప్రాణి నిధి వాళ్ల లెక్క. నగరంలోనైతే ఇది ఒక అంకె. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు కొనే కాలనీలో దీన్ని వెంటనే వేరే భాషలోకి మార్చుకుంటాం. ఐదు వేల లీటర్ల ట్యాంకరుకు రెండు టీషర్టులు కూడా రావు. "మనం ఇయ్యాల ఎన్ని ట్యాంకర్లు మిగిల్చినం?" అన్నాడు ఆయన. నాకు మాత్రం ఆ లెక్క కాస్త అనుమానమే. చవగ్గా వచ్చిందని అవసరం లేని రెండు చొక్కాలు కూడా సంచిలో ఉన్నాయి. వాటికి ఎవరింట్లో ట్యాంకరు మిగిలింది?

ఇంటికొచ్చేటప్పటికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. సంచి లోపలికి రానివ్వలేదు. పెరట్లో బకెట్టు, బకెట్టులో మరిగిన నీళ్లు, నీళ్లలో గుప్పెడు రాళ్లుప్పు సిద్ధంగా పెట్టింది. చీర రంగు పోతుందని నేను, పోతే పోయిందని ఆమె. చివరికి చీరను మాత్రం చల్లనీళ్ల ఉప్పులో వేయడానికి ఒప్పుకుంది. అప్పుడు గమనించింది అది పోచంపల్లిదని. తడిచేత్తోనే తిప్పి రెండువైపులా చూసింది. "ఎంత?" అంది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన పక్కింటామెకు చెప్పకు, కొత్తదే కొన్నమని చెప్దాం" అంది.

ఆరాక ఇంకో పేచీ. కొత్తబట్ట కట్టుకునే ముందు అంచుకు పసుపు పెట్టడం మన ఆచారం. ఇది కొత్తదా, పాతదా? ఇంతకుముందే ఎవరో ఒకరు దీనికి పసుపు పెట్టే ఉంటారు. పైగా కొంగు మీద మరక రూపంలో పసుపు ఉండనే ఉంది. అత్తమ్మ ఆలోచించి, "మన ఇంటికి కొత్తదే గదా" అని నాలుగు మూలలా బొట్టుబొట్టు పెట్టింది. జర్కిన్‌కు పెట్టాలా అంటే, దానికెందుకని కసిరింది. మా ఆయన చిన్నబోయాడు. ఆయన చూడకుండా జర్కిన్ లోపలి చీటీ మీద, ఆ విదేశీ అక్షరాల పక్కన, నేనొక చుక్క పెట్టాను.

మర్నాడు సాయంత్రం జర్కిన్ చేతులు కురచ చేయించడానికి సాగర్ రోడ్డు మీది టైలర్ దగ్గరికి పోయాం. ఆయన పాతకాలం మనిషి. ఒకప్పుడు చొక్కా కాలరు అరిగిపోతే విప్పి, తిరగేసి, అరగని వైపు పైకి వచ్చేట్టు కుట్టిచ్చేవాడినని చెబుతుంటాడు. ఇప్పుడు ఎవరూ అడగరట. జర్కిన్‌ను కౌంటర్ మీద పరిచి, లోపలి లైనింగు తిప్పి, కుట్లను గోటితో గీరి చూశాడు. "మంచి కుట్టు సార్. ఇది ఇక్కడి మిషను కుట్టు కాదు. చెయ్యి తగ్గియ్యాలంటే మణికట్టు కాడ ఎలాస్టిక్ అంతా విప్పాలె." టేపు మెడలో వేసుకుని, "ఎంతకు తెచ్చిండ్రు?" అన్నాడు.

"రెండొందలు."

"కురచ చేసేందుకు మూడొందలైతది."

మా ఆయన నా వైపు చూశాడు. చేతులు మడుచుకుని తొడుక్కో అని నేనన్నాను. టైలర్ మా ఇద్దరి మాటా వినకుండా సుద్దముక్కతో గీత గీసేశాడు. అడ్వాన్సు వంద తీసుకుని గురువారం సాయంత్రం రమ్మన్నాడు. గురువారమైతే జుమ్మేరాత్ బజార్ నుంచి వచ్చేటప్పుడు తీసుకుపోతామని మా ఆయన అప్పటికప్పుడే మాటిచ్చేశాడు. ఆఫీసులో సెలవు అడిగింది లేదు, నన్ను అడిగిందీ లేదు.